వెలుతురుకి దొరకని ప్రాణులు: ప్లాంక్టన్ ఫొటోలు తీసిన అనుభవం

సముద్రంలో కొట్టుకుపోయే ప్రాణులైన ప్లాంక్టన్ వైపు రాకముందు నేను పురుగుల ఫొటోలు తీసేవాణ్ని. సాలీడు కళ్లు, ఈగ రెక్కలు, చీమ దవడలు. మాక్రో లెన్స్, ఫ్లాష్, ఊపిరి బిగబట్టి బటన్ నొక్కడం అన్నీ అలవాటే. ఆ అలవాట్లలో సగం ఇక్కడ పనికిరాలేదు. పురుగు మీద పడిన వెలుతురు వెనక్కి వచ్చి కెమెరాలో చేరుతుంది. ప్లాంక్టన్ మీద పడిన వెలుతురు దాని ఒంట్లోంచి అవతలికి వెళ్లిపోతుంది. అక్కడ ప్రాణి ఉందని తెలుసు, భూతద్దంలో చూశాను కూడా. ఫొటోలో మాత్రం ఖాళీ నీళ్లు.

ఆ తర్వాత పడిన తిప్పలన్నీ దాదాపు ఈ తరహావే. కనపడకపోవడం, చటుక్కున మాయమవడం, ఫోకస్‌లో ఇమడని పొడుగాటి ముళ్లు, ముట్టుకుంటే చిరిగిపోయే ఒళ్లు. ఫొటోకి అడ్డొచ్చే ఈ గుణాలే ఆ ప్రాణులను సముద్రంలో బతికిస్తున్నాయని పని చేస్తూ చేస్తూ అర్థమైంది. అందుకే ఇక్కడ కెమెరా సెట్టింగుల గురించి తక్కువగా, ఆ గుణాల గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ప్రవాహానికి ఎదురీదే శక్తి లేక, నీళ్లు ఎటు తీసుకెళ్తే అటు పోయే ప్రాణులన్నీ ప్లాంక్టన్, అంటే ప్లవకాలు. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా లేని బాక్టీరియా నుంచి మీటరు దాటిన జెల్లీఫిష్ దాకా అందరూ ఈ లెక్కలోకే వస్తారు. ఎండతో ఆహారం తయారుచేసుకునేవి ఫైటోప్లాంక్టన్. వాటిని తినేవీ, ఆ తినేవాటిని తినేవీ జూప్లాంక్టన్. కొన్ని పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ప్లాంక్టనే. పీతలు, నత్తలు, సముద్ర నక్షత్రాలు, చాలా రకాల చేపలు చిన్నతనంలో మాత్రమే ప్లాంక్టన్. పెద్దయ్యాక అడుగుకి దిగడమో, ఈత నేర్చి తమ దారి చూసుకోవడమో చేస్తాయి.

ముందు వల సంగతి చెప్పాలి. శంకువు ఆకారంలో నైలాన్ జాలీ, మూతి దగ్గర లోహపు వలయం, తోక దగ్గర చిన్న సీసా. దీన్ని పడవ వెనక చాలా నెమ్మదిగా, కొద్ది నిమిషాల పాటు లాగుతాం. వేగం పెంచితే నీళ్లు జాలీలోంచి పోలేక మూతి దగ్గరే పక్కకి తిరిగిపోతాయి, లోపల చిక్కినవి జాలీకి ఒత్తుకుని నలిగిపోతాయి. వల కన్ను ఎంత ఉండాలన్నదే అసలు నిర్ణయం. జూప్లాంక్టన్‌కి మామూలుగా వాడేది 200 మైక్రాన్ల కన్ను, డయాటమ్‌లనే ఏకకణ ఫైటోప్లాంక్టన్ లాంటి వాటికి 20 మైక్రాన్లు. 20 మైక్రాన్లదే వాడితే అన్నీ దొరుకుతాయి కదా అనిపిస్తుంది. దొరకవు. అంత చిన్న కన్ను తొందరగా పూడుకుపోతుంది. వల ముందు పుట్టే నీటి కదలికని పసిగట్టి చురుకైనవి ముందే తప్పుకుంటాయి. ఏ వల వేస్తే ఆ సముద్రమే కనిపిస్తుంది. ఇది చివరిదాకా గుర్తుంచుకోవాల్సిన విషయం.

పగలు లాగిన వలకీ రాత్రి లాగిన వలకీ పోలికే ఉండదు. పగలు పైనీళ్లలో పలచగా ఉన్న జూప్లాంక్టన్ చీకటి పడ్డాక కిక్కిరిసి ఉంటుంది. వెలుతురులో చేపల కంటపడతామని చాలా జాతులు పగలంతా లోతుల్లో గడిపి, సూర్యాస్తమయం తర్వాత మేత కోసం పైకి వచ్చి, తెల్లవారేలోగా దిగిపోతాయి. భూమి మీద రోజూ జరిగే వలసల్లో దీన్ని మించింది లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శబ్దం పంపి లోతు కొలిచే సోనార్ పరికరాలకి కొన్ని వందల మీటర్ల లోతులో సముద్రపు అడుగు లాంటిదొకటి తగిలేది. అసలు అడుగు ఇంకా ఎంతో కిందుందని మ్యాపులు చెబుతున్నాయి. పైగా ఈ దొంగ అడుగు సాయంత్రానికి పైకి లేచి, పొద్దున్నకి దిగిపోయేది. 1945లో మార్టిన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త రేయింబవళ్లు దాని కదలికని గమనించి, అది ప్రాణుల గుంపేనని తేల్చాడు. ఇది చదివాక నేను పగటిపూట వల వేయడం బాగా తగ్గించేశాను.

వల పైకి వచ్చాక టెన్షన్ మొదలవుతుంది. సీసాలో ప్రాణులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది, వేడెక్కితే ఇంకా తొందరగా. వెంటనే అదే సముద్రపు నీళ్లు నింపిన బకెట్‌లోకి ఒంపి పలచన చేయాలి. చల్లగా, నీడలో ఉంచాలి. అయినా చేతిలో ఉండేది కొన్ని గంటలే. మొదట జెల్లీ లాంటివి చెదిరిపోతాయి. తర్వాత చేప పిల్లలు తెల్లబడతాయి; గాజులా ఉన్న ఒళ్లు పాలలా మారిందంటే అది చచ్చిందనో, చావబోతోందనో అర్థం. ఆఖరికి మిగిలేవి కొన్ని మొండి కోపెపాడ్‌లు, గింజంత జూప్లాంక్టన్. ఈలోగా బాణంలా సన్నగా ఉండి వేటాడే బాణప్పురుగులు తమ పని తాము చేసుకుపోతుంటాయి, అంటే నేను ఫొటో తీయాలనుకున్నవాటిని తినేస్తుంటాయి.

ఇక వెలుతురు. పై నుంచి ఫ్లాష్ కొడితే ఏమీ రాదని ముందే చెప్పాను. కింద నుంచి నేరుగా వెలిగిస్తే తెల్లటి తెర మీద లేత బూడిదరంగు నీడ వస్తుంది. జాతిని గుర్తుపట్టడానికి అది చాలు, చూడ్డానికి మాత్రం ప్రాణం ఉన్నట్టు ఉండదు. నాకు పనిచేసింది డార్క్‌ఫీల్డ్ పద్ధతి. నల్లటి నేపథ్యం, వెలుతురు పక్కల నుంచి ఏటవాలుగా, ఒక్క కిరణం కూడా నేరుగా లెన్స్‌లోకి రాకుండా. ఖాళీ నీళ్లలోంచి వెళ్లిన కిరణాలు లెన్స్‌ని తప్పించుకుని పోతాయి కాబట్టి అంతా నలుపే. ఏదైనా పొరకో అంచుకో తగిలి దారి మళ్లిన కిరణాలే లెన్స్‌లో పడతాయి. తలుపు సందులోంచి పడే ఎండలో అప్పటిదాకా కనపడని దుమ్ము ఒక్కసారి మెరిసినట్టు, నీళ్లలోంచి ప్రాణి బయటపడుతుంది.

నా అమరిక పెద్ద ఖరీదైనదేమీ కాదు. అడుగు గీతలు పడని గాజు పెట్రి డిష్, దాన్ని ఎత్తి పట్టే చిన్న స్టాండు, దాని కింద నాలుగు వేళ్ల దూరంలో నల్లటి వెల్వెట్ గుడ్డ, రెండు పక్కల రెండు ఫ్లాష్‌లు. గుడ్డని డిష్‌కి ఆనించి పెట్టకూడదు, దాని మీది నూలుపోగులన్నీ ఫోకస్‌లోకి వస్తాయి. ఈ పద్ధతిలో చిక్కేమిటంటే ప్రాణితో పాటు చెత్త కూడా మెరుస్తుంది. గాలిబుడగలు, ఉప్పు పలుకులు, గాజు మీది గీతలు అన్నీ నక్షత్రాల్లా వచ్చి కూర్చుంటాయి. అందుకే సముద్రపు నీళ్లనే సన్నటి ఫిల్టర్‌లో వడకట్టి పెట్టుకుని, ప్రాణిని వెడల్పాటి మూతి ఉన్న డ్రాపర్‌తో రెండు మూడు డిష్‌లు మార్చి, కడిగిన తర్వాతే కెమెరా కిందకి తెస్తాను. ఫోకస్ కోసం వెలిగించే దీపం ఎల్ఈడీ అయి ఉండాలి. వేడినిచ్చే బల్బు కింద ఇంత కొంచెం నీళ్లు ఎంతోసేపు చల్లగా ఉండవు.

ఈ గాజు ఒళ్లు ఎందుకో ఆలోచిస్తే న్యాయంగానే ఉంటుంది. నడి సముద్రంలో దాక్కోవడానికి చెట్టు లేదు, రాయి లేదు, నీడ కూడా లేదు. శత్రువు పై నుంచి, కింద నుంచి, ఏ పక్క నుంచైనా రావచ్చు. అలాంటి చోట దాక్కోవాలంటే నీళ్లలాగే ఉండిపోవడం తప్ప దారి లేదు. అయినా రెండు చోట్ల గుట్టు బయటపడుతుంది. ఒకటి కన్ను. వెలుతురుని పట్టుకుంటేనే చూపు, పట్టుకున్న చోట నలుపు తప్పదు. రెండోది కడుపు. తిన్నది పారదర్శకంగా ఉండదు కదా.

ఆ కడుపే నాకు బాగా అచ్చొచ్చింది. డయాటమ్‌లు మేసిన కోపెపాడ్ ఒంట్లో ఆకుపచ్చ గీత స్పష్టంగా కనపడుతుంది. బాణప్పురుగు ఒళ్లు పూర్తిగా గాజు. నోటి దగ్గర కొక్కేలు, లోపల నిలువునా మింగిన కోపెపాడ్, ఆ కోపెపాడ్ లోపల మళ్లీ ఆకుపచ్చ గీత. మూడు అంతస్తుల ఆహార గొలుసు ఒకే ఫ్రేములో. బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టి చెప్పే పాఠం ఇక్కడ నిజంగానే ఒకదాని కడుపులో ఒకటి ఉంటుంది.

కోపెపాడ్ అనే పేరు ఇన్నిసార్లు వస్తోంది కాబట్టి దాని గురించి కాస్త చెప్పాలి. రొయ్యకి దూరపు చుట్టం. ఎక్కువ జాతులు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోపే. గింజ లాంటి ఒళ్లు, అటూ ఇటూ చాచిన రెండు మీసాలు, చాలా జాతుల్లో నడినెత్తిన ఒకే ఎర్రటి కన్ను. భూమి మీద బహుకణ జీవుల్లో సంఖ్యలో వీటికి సాటి వచ్చేవి చాలా తక్కువ. మామూలుగా 200 మైక్రాన్ల వలలో పడేవాటిలో ఎక్కువ ఇవే. ఫైటోప్లాంక్టన్‌ని చాలా చేపలు నేరుగా తినలేవు, మరీ చిన్నవి. కోపెపాడ్ వాటిని ఏరి తిని, చేప నోటికి అందే సైజు ముద్దగా మారుస్తుంది. చల్లటి సముద్రాల్లో ఉండే కాలనస్ జాతి అయితే ఒంట్లో నూనె సంచి కూడా నింపుకుంటుంది. డార్క్‌ఫీల్డ్‌లో అది పొడుగాటి మెరుపులా కనపడుతుంది. ఆకలి రోజులు గడపడానికి దాచుకున్న నూనె అది. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలం అంత పెద్ద ఒంటిని పోషించుకునేది ముఖ్యంగా కొద్ది మిల్లీమీటర్ల ఈ కాలనస్ మీదే.

దీన్ని ఫొటో తీయడం ఓపికకి పరీక్ష. మీసాల నిండా సన్నటి వెంట్రుకలుంటాయి, నీళ్లలో చిన్న కదలిక వచ్చినా పసిగడతాయి. పసిగట్టిన కొన్ని మిల్లీసెకన్లలో గెంతు. ఆ గెంతు వేగం సెకనుకి దాని ఒంటి పొడవుకి వందల రెట్లు. కెమెరాలో చూస్తుంటే అది కదిలినట్టే ఉండదు, అక్కడ ఉన్నది ఇప్పుడు లేదు, అంతే. డ్రాపర్ దగ్గరికి తెచ్చినా, బల్ల మీద మోచేయి ఆనించినా గెంతుతుంది. నేను ఫోకస్ రింగ్ తిప్పడం మానేశాను. లెన్స్‌ని ఒక దూరానికి కట్టేసి, డిష్‌లో నీళ్లు కొద్దిగా మాత్రమే ఉంచి, పైకీ కిందకీ పోయే చోటు లేకుండా చేసి, అది ఆగిన క్షణం కోసం కాచుకుంటాను. కదలికని ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్. ఫ్లాష్ పవర్ బాగా తగ్గిస్తే మెరుపు నిడివి 1/20,000 సెకను దాకా దిగుతుంది. మీసాల చివరి వెంట్రుకలు విడివిడిగా వచ్చేది అప్పుడే.

అంతా బాగానే ఉందనుకునేసరికి లోతు సమస్య. అసలు సైజుకి అయిదు రెట్లు పెద్దది చేసి తీస్తే ఫోకస్‌లో ఉండే పొర మందం 0.05 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అపర్చర్ మూస్తే లోతు కొంచెం పెరుగుతుంది గానీ, సన్నటి సందులోంచి వచ్చే వెలుతురు చెదిరి (డిఫ్రాక్షన్) బొమ్మ మసకబారుతుంది. రెండు మిల్లీమీటర్ల ప్రాణిలో కన్ను ఫోకస్‌లో ఉంటే తోక లేదు, తోక ఉంటే మీసం లేదు. దీనికి అందరూ చెప్పే మందు ఫోకస్ స్టాకింగ్: ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ చాలా ఫొటోలు తీసి, పదునుగా ఉన్న ముక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌తో ఒకటి చేయడం. చచ్చిన ఈగకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బతికున్న ప్లాంక్టన్‌కి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కాళ్లు ఆడుతూనే ఉంటాయి. అన్నీ కలిపేసరికి నాలుగు కాళ్లు ఎనిమిదవుతాయి.

లార్వాల దగ్గర, అంటే పిల్ల దశలో ఉన్నవాటి దగ్గర, మరీ తలప్రాణం తోకకి వస్తుంది. పీత పిల్లని జోయియా అంటారు. నెత్తిన ఒక ముల్లు, ముక్కు దగ్గర ఒక ముల్లు, కొన్నిటికి పక్కల కూడా, పెద్ద పెద్ద కళ్లు, పొడుగాటి తోక. పీత పోలిక వెతికినా దొరకదు. చాలాకాలం దీన్ని పీతతో సంబంధం లేని వేరే ప్రాణిగా లెక్కగట్టి, దానికి విడిగా పేరు కూడా పెట్టారు. ఐర్లండ్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న జాన్ వాన్ థాంప్సన్ సన్నటి వలతో వీటిని పట్టి, పీత గుడ్లు పొదిగి జోయియాలే బయటికి రావడం చూసి, 1828లో ఆ విషయం ప్రచురించాడు. అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. మైక్రోస్కోపు కింద జోయియాని మొదటిసారి చూసినప్పుడు ఒప్పుకోని వాళ్ల మీద నాకు కోపం రాలేదు.

సముద్రపు ముళ్లకాయ (సీ అర్చిన్) లార్వా, ప్లూటియస్, ఇంకో రకం. పొడుగాటి చేతులు, లోపల సున్నపు కడ్డీలు. వీటన్నిటికీ ముళ్లూ చేతులూ ఎందుకంటే కారణాలు రెండు మూడున్నాయి. మింగబోయే నోటికి అడ్డం పడతాయి. నీళ్లలో ఒరిపిడి పెంచి, మునిగిపోవడాన్ని ఆలస్యం చేస్తాయి. ప్లూటియస్ చేతుల మీది వెంట్రుకలైతే మేత పోగుచేస్తాయి కూడా. ఆ ముల్లు సరిగ్గా నా లెన్స్ వైపు పొడుచుకొచ్చి, ఫోకస్ పొరలోంచి బయటికి పోతుంది. సన్నటి మైనపు ముక్కల మీద కవర్‌స్లిప్ అనే పల్చటి గాజు ముక్క నిలబెట్టి, మెల్లగా నొక్కుతూ, ప్రాణి నలగకుండా పక్కకి ఒరిగేలా చేయడం ఒక పద్ధతి. కదలిక తగ్గాలంటే మెగ్నీషియం క్లోరైడ్. మంచినీటిలో 7.5 శాతం ద్రావణం చేసి సముద్రపు నీళ్లలో కలిపితే చాలా లార్వాలు మత్తుగా ఉండిపోతాయి, మళ్లీ మామూలు నీళ్లలో వేస్తే తేరుకుంటాయి. మోతాదు చుక్క చుక్కగా పెంచాలి. నేను తప్పనిసరైతేనే వాడతాను. మత్తులో ఉన్న ప్రాణి చేతులు వాలిపోయి ఫొటోలో నిద్రమొహంతో కనపడుతుంది.

జెల్లీ రకాలకి వల పనికిరాదు. దువ్వెన జెల్లీలు జాలీ తగిలితే ముద్దయిపోతాయి. వీటిని పడవ అంచు నుంచి వంగి, గాజు జాడీతో నీళ్లతో సహా ఎత్తుకోవాలి. చుట్టూ గట్టిది ఏదీ తగలని చోట బతికే ప్రాణికి గట్టి ఒళ్లు అవసరం లేదు. నీళ్లే ఎక్కువగా ఉన్న ఒళ్లు తక్కువ తిండితో పెద్దగా ఎదుగుతుంది. ఓయికోప్లూరా అయితే ఇంకా విచిత్రం. తోకకప్ప లాంటి చిన్న ప్రాణి తన చుట్టూ జిగురుతో ఒక ఇల్లు కట్టుకుని, తోక ఆడిస్తూ నీళ్లని ఆ ఇంటి జల్లెడల్లోంచి లాగి, కంటికానని మేతని వడకట్టుకుంటుంది. జల్లెడ పూడితే ఇల్లు వదిలేసి కొత్తది ఊదుకుంటుంది, రోజులో ఎన్నోసార్లు. జాడీలో దొరికినప్పుడు సాధారణంగా ఇంటి యజమాని అప్పటికే దూకేసి ఉంటాడు. ఇంటితో సహా ప్రాణిని పట్టిన ఫొటో నా దగ్గర మంచిది ఇప్పటికీ లేదు. రాత్రిపూట నడి సముద్రంలో తాడు పట్టుకుని దిగి, ప్రాణిని దాని చోటే ఫొటో తీసే బ్లాక్‌వాటర్ డైవర్లు ఈ విషయంలో నాకన్నా ఎంతో ముందున్నారు. వాళ్ల ఫొటోల్లో చేప పిల్లల రెక్కలు, పోగులు పూర్తిగా విచ్చుకుని ఉంటాయి. వలలో పడ్డవాటిలో అవి ఎప్పుడో తెగిపోతాయి.

సఫిరైనా అనే కోపెపాడ్ గురించి చెప్పకుండా ఉండలేను. మగదాని ఒంట్లో గువానిన్ స్ఫటికాల పలకలు పేర్చి ఉంటాయి. ఒక కోణంలో వెలుతురు పడితే నీలం మంట, కొంచెం తిరిగితే బంగారం, ఇంకొంచెం తిరిగితే ఏమీ లేదు. మిగతా ప్రాణులకి పక్క నుంచి వచ్చే వెలుతురు కావాలి, దీనికి మాత్రం పై నుంచి రావాలి. రెండు ఫ్లాష్‌లనీ పైకి మార్చి, ఎప్పుడు తిరుగుతుందో తెలియని రేకుని వెంటాడటంలో ఆ పూట మొత్తం పోయింది. పోతే పోయింది.

ఫైటోప్లాంక్టన్‌కి మాక్రో లెన్స్ చాలదు, మైక్రోస్కోపు కావాల్సిందే. 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో (మైక్రోస్కోపులో ప్రాణి వైపుండే లెన్స్) ఫోకస్ లోతు 10 మైక్రాన్ల లోపు. డయాటమ్‌లు గాజు పెట్టెల్లో బతికే ఏకకణ జీవులు; గోడలు నిజంగానే సిలికా. కాసినోడిస్కస్ గుండ్రటి బిళ్ల, దాని మీద చిల్లుల ముగ్గు. కీటోసెరస్ గొలుసులుగా అల్లుకుని, ప్రతి కణం నుంచి పొడుగాటి ముళ్లు చాస్తుంది. బతికున్న కణంలో బంగారు గోధుమరంగు బొట్లు కనపడతాయి. కిరణజన్య సంయోగక్రియ నడిచేది అక్కడే. బొట్లు లేని ఖాళీ పెంకు ఎంత అందంగా ఉన్నా అది శవం. కదలవు కాబట్టి స్టాకింగ్ చక్కగా కుదురుతుంది, ఈ పని మొత్తంలో నాకు ప్రశాంతంగా గడిచేది ఈ భాగమే.

భూమి మీద ఏటా కిరణజన్య సంయోగక్రియతో తయారయ్యే సేంద్రియ పదార్థంలో దాదాపు సగం సముద్రపు ఫైటోప్లాంక్టన్‌ది. అందులోనూ డయాటమ్‌ల వాటా పెద్దది, మొత్తం భూమి లెక్కలో సుమారు అయిదో వంతు. ప్రపంచంలోని మొత్తం మొక్కల బరువుతో పోలిస్తే ఫైటోప్లాంక్టన్ బరువు ఒక శాతం కూడా ఉండదు. ఉన్నది కొంచెమే అయినా రోజుల వ్యవధిలో పెరిగి, తినబడి, మళ్లీ పెరుగుతుంది. మనం పీల్చే ప్రతి రెండో శ్వాస వీటి పుణ్యమే అనే మాట బాగా తిరుగుతోంది. నాకది పూర్తిగా నచ్చదు. ఏటా తయారయ్యే ఆక్సిజన్‌లో సగం వీటిదే, నిజమే. కానీ అందులో దాదాపు అంతా సముద్రంలోని ప్రాణులే వాడేసుకుంటాయి. గాలిలో ఉన్న నిల్వ కోట్ల ఏళ్లుగా పోగుపడింది. వీటి గొప్ప చెప్పడానికి శ్వాస లెక్క అక్కర్లేదు. ఇవి లేకపోతే సముద్రంలో తినడానికి ఏమీ ఉండదు. ఆ ఒక్కటి చాలు.

నా మైక్రోస్కోపుకి అందనివి కూడా ఉన్నాయి, అవే అన్నిటికన్నా ఎక్కువ. ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియా 0.6 మైక్రాన్లు, అంటే వెలుతురు తరంగం పొడవంత. వెచ్చటి, పోషకాలు తక్కువున్న సముద్రాల్లో విపరీతంగా ఉంటుంది. ఎండతో ఆహారం చేసుకునే జీవుల్లో సంఖ్యలో దీన్ని మించింది భూమి మీద లేదు. అయినా 1980లలో, కణాలని లేజర్‌తో ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పరికరం ఓడ మీదకి ఎక్కాకే ఇది బయటపడింది. సముద్రాన్ని నూరేళ్లకి పైగా వలలతో జల్లెడ పట్టాక కూడా, ఇది వల కన్నుల్లోంచి జారిపోతూనే ఉంది. నా ఫొటోలో అది మహా అయితే ఒక చుక్క.

ఇందుకు పూర్తిగా ఎదురు కథ కాకోలిథోఫోర్‌లది. సున్నపు బిళ్లలు ఒంటికి అతికించుకున్న అయిదారు మైక్రాన్ల కణాలు. నా ఆబ్జెక్టివ్‌తో ఒక్కొక్కటి మసక గుండ్రమే. కానీ విరివిగా పెరిగినప్పుడు ఆ బిళ్లల వల్ల వందల కిలోమీటర్ల నీళ్లు పాలు కలిపిన నీలంలా మారి, ఉపగ్రహం ఫొటోలో తేటగా కనపడతాయి. 1978లో నింబస్-7 ఉపగ్రహం మీద వెళ్లిన పరికరంతో సముద్రపు రంగుని బట్టి ఫైటోప్లాంక్టన్‌ని కొలవడం మొదలైంది. 2024 ఫిబ్రవరిలో నాసా పంపిన పేస్ ఉపగ్రహం రంగుల తేడాలని మరింత సన్నగా విడగొట్టి, ఏ రకాలున్నాయో కూడా చెప్పే ప్రయత్నం చేస్తోంది. దగ్గరికి వెళ్లి తీయలేని ఫొటోని అంత దూరం నుంచి తీయడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

ఎడిటింగ్ దగ్గర ఒక తగవు ఉంది, నాతో నాకే. కోపెపాడ్‌లని కాసేపు ఉంచిన డిష్‌లో సన్నటి గోధుమరంగు కడ్డీలు తేలుతుంటాయి. వాటి మలం. డార్క్‌ఫీల్డ్‌లో బాగా మెరిసి నేపథ్యాన్ని పాడుచేస్తాయి. మొదట్లో ఎడిటింగ్‌లో ఒక్కొక్కటీ తుడిచేసేవాణ్ని. తర్వాత తెలిసింది, అవి సన్నటి పొరలో చుట్టి ఉండటం వల్ల విడి కణాల కన్నా ఎంతో వేగంగా మునుగుతాయట, రోజుకి పదుల మీటర్ల నుంచి వంద మీటర్ల పైచిలుకు దాకా. గాలిలోంచి నీళ్లలోకి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని ఫైటోప్లాంక్టన్ ఒంటపట్టించుకుంటుంది, కోపెపాడ్ దాన్ని తింటుంది, అరగనిది ఈ కడ్డీల్లో కిందకి దిగుతుంది. దారిలో చాలాభాగం మళ్లీ ఎవరో ఒకరు తినేస్తారు. మిగిలిన కొంచెం లోతులకి చేరి, వందల ఏళ్లు గాలికి దూరంగా ఉంటుంది. ఇలా కార్బన్‌ని కిందకి దించే ఏర్పాటులో ఈ మలం, చచ్చిన కణాలు, ఓయికోప్లూరా వదిలేసిన ఇళ్లు అన్నీ భాగమే. ఇప్పుడు గాలిబుడగలు, గీతలు తుడుస్తాను, మలం ఉంచేస్తాను. చూసినవాళ్లు అదేమిటని అడిగితే చెప్పడానికి ఒక కథ కూడా ఉంటుంది.

నీలం, ఎరుపు పోగులు కూడా తరచూ ఫ్రేములోకి వస్తాయి. ప్లాస్టిక్ అని వెంటనే ప్రకటించేయాలనిపిస్తుంది. కానీ అవి నా చొక్కావి కావని నమ్మకమేమిటి? వడకట్టిన శుభ్రమైన నీళ్ల డిష్ ఒకటి పక్కన తెరిచిపెట్టి, దాంట్లోనూ పోగులు పడుతున్నాయేమో చూసుకుంటే గానీ ఆ మాట అనకూడదు. నేను పెట్టి చూశాను, పడ్డాయి. అందుకని ఆ ఫొటోల కింద ప్లాస్టిక్ అని రాయను.

పేరు రాయడం కూడా అంత తేలిక పని కాదు. చాలా కోపెపాడ్‌లని జాతి దాకా గుర్తించాలంటే అయిదో జత కాళ్లు విడదీసి చూడాలి, అంటే చంపి కోయాలి. నేను కోయను కాబట్టి ‘కాలనాయిడ్ కోపెపాడ్’ దగ్గర ఆగిపోతాను. దాని పక్కన తేదీ, వేళ, లోతు, వల కన్ను, ఎన్ని రెట్లు పెద్దది చేశానో, స్కేల్ గీత తప్పకుండా పెడతాను. అందమైన ఫొటోకి ఇవి లేకపోతే అది చూసేవాళ్లకి బొమ్మే. ఉంటే ఎవరికైనా పనికొచ్చే రికార్డు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆలిస్టర్ హార్డీ రూపొందించిన ప్లాంక్టన్ రికార్డర్‌ని 1931 నుంచి మామూలు సరుకు ఓడలు తమ దారిన పోతూ వెనక లాగుతున్నాయి. అందులో ప్లాంక్టన్ పట్టు గుడ్డ మీద చిక్కుకుంటుంది. ఆ లెక్కలకి అంత విలువ వచ్చింది పరికరం గొప్పదనం వల్ల కన్నా, ఇన్ని దశాబ్దాలూ పద్ధతి మార్చకపోవడం వల్ల అని నాకనిపిస్తుంది.

అది చూశాకే నేనూ ఒక చోటు ఎంచుకుని, అదే వలతో, అదే లోతులో, అంతే సేపు లాగడం అలవాటు చేసుకున్నాను. ఫొటోలు వరసగా పెట్టి చూస్తే క్రమం ఒకటి కనపడుతోంది. డయాటమ్ గొలుసులు వలని పూడ్చేసిన కొన్నాళ్లకి కోపెపాడ్ పిల్లలు, ఆ వెనకే బాణప్పురుగులు, చేప పిల్లలు. గుడ్డులోని పచ్చసొన అయిపోయిన చేప పిల్లకి ఆ కొద్ది రోజుల్లో నోటికి పట్టే సైజు మేత దొరకాలి. దొరికిందా లేదా అన్నదాన్ని బట్టే ఆ తర్వాతి ఏళ్లలో చేపలు ఎక్కువో తక్కువో తేలుతుందని 1914లోనే నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ ప్రతిపాదించాడు. చేప పిల్ల గాజు ఒళ్లు కాబట్టి, కడుపులో ఏముందో ఫొటోలోనే లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు ఒక్కొక్క ఫొటోనీ పెద్దది చేసి ఆ లెక్కే రాసుకుంటున్నాను: కడుపు నిండినవి ఎన్ని, ఖాళీవి ఎన్ని, నిండినవాటిలో కోపెపాడ్ పిల్లలు ఎన్ని.